పందెం పెంచుకుంటూ పోతే కాసినో ఓడుతుందా?

(సంఘం వార్షికోత్సవ యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఏటా చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళి ఖర్చుల గురించి మాట్లాడుకుంటాము. ఈసారి కార్యవర్గంవారు మమ్మల్ని పేకాట మీద మాట్లాడమన్నారు. అది విని కొందరు నవ్వారు, కొందరు నొచ్చుకున్నారు. "జూదం హరామ్ అని ఒక్క మాటతో తేలిపోయేదానికి ఉపన్యాసం ఎందుకండీ?" అని ఒక పెద్దాయన అడిగారు. ఆయన అడిగినది న్యాయమే. విశ్వాసికి ఆ ఒక్క మాట చాలు. కాని ఈనాటి కుర్రవాడు ఆ మాటను కాదనడం లేదు, పక్కనుంచి తప్పుకొని పోతున్నాడు. "జూదం హరామే, ఒప్పుకుంటాం. కాని మేమాడేది జూదం కాదు, లెక్క" అంటున్నాడు. లెక్క అని అన్న తరువాత జవాబు కూడా లెక్కలోనే చెప్పాలి గదా. బడిలో లెక్కలు చెప్పుకొని బతికినవాళ్ళం గనుక ఆ పని మా మీద పెట్టారు.

కొన్నేళ్ళ క్రితం మన సంఘం ఇచ్చే వడ్డీలేని అప్పుకు ఒక అబ్బాయి దరఖాస్తు పెట్టాడు. కంప్యూటరు కోర్సు ఫీజు అని రాశాడు. పిలిచి నెమ్మదిగా అడిగితే అసలు సంగతి చెప్పాడు. ఫోనులో 'ఇరవై ఒకటి' ఆట ఆడుతున్నాడు. చేతిలో ఒక నోటు పుస్తకం వుంది. అందులో 100, 200, 400, 800 అని వరసగా అంకెలు. ఎనిమిదో అంకె 12,800 దగ్గర ఆగిపోయింది. ఎనిమిది ఆటలు వరసగా ఓడాడు. మొత్తం కూడితే 25,500. అందులో కొంత అక్క పెళ్ళికని ఇంట్లో దాచిన డబ్బు. "చాచా, పద్ధతి తప్పు కాదు. తొమ్మిదో పందానికి 25,600 వుంటే అంతా తిరిగి వచ్చేసేది" అన్నాడు. వస్తే ఎంత మిగిలేదని అడిగాము. లెక్క వేసి, "వంద" అన్నాడు. ఆ అబ్బాయి ఏ బాబానో తాయెత్తునో నమ్ముకోలేదు, గుణకారాన్ని నమ్ముకున్నాడు. ఇవాళ్టి మాటలు అటువంటి తెలివైన పిల్లల కోసం.

ఆట తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాము. దీన్ని బ్లాక్‌జాక్ అంటారు, పాత పేరు ఇరవై ఒకటి. ఆటగాడు పక్కవాళ్ళతో ఆడడు. కాసినో తరఫున ముక్కలు పంచే డీలరుతో ఆడతాడు. రాజు, రాణి, జాకీ పది కింద లెక్క. ఆసును ఒకటిగానైనా పదకొండుగానైనా లెక్కపెట్టుకోవచ్చు. ముందు ఇద్దరికీ రెండేసి ముక్కలు. డీలరు ముక్కల్లో ఒకటి అందరికీ కనబడుతుంది. 21 దాటకుండా డీలరు కంటే ఎక్కువ తెచ్చుకుంటే గెలుపు. డీలరుకు సొంత తెలివితో పనిలేదు. 16 వరకు ముక్క తీసుకోవాలి, 17 వస్తే ఆగాలి. మొదటి రెండు ముక్కల్లోనే ఆసూ పదీ పడితే అది బ్లాక్‌జాక్; పాత పద్ధతిలో దానికి పందానికి ఒకటిన్నర రెట్లు ఇస్తారు.

మరి కాసినోకు లాభం ఎక్కడినుంచి వస్తుంది? మోసం ఏమీ లేదు, దాని మూలం నిబంధనల్లోనే వుంది. ముందు ఆడవలసినవాడు ఆటగాడు. అతని ముక్కలు 21 దాటితే డబ్బు అప్పటికప్పుడే లాగేసుకుంటారు. ఆ తరువాత డీలరు ముక్కలు కూడా 21 దాటినా ఆ డబ్బు వెనక్కి రాదు. ఇద్దరూ పడిపోయిన చోట నష్టం ఒక్కడికే. ఇది చిన్న విషయంలాగ కనబడుతుంది, కాని కాసినో కట్టడమంతా ఈ ఒక్క పునాది మీదే నిలబడి వుంది.

1956లో అమెరికా సైన్యంలో పనిచేసిన బాల్డ్విన్, కాంటీ, మైజెల్, మెక్‌డెర్మాట్ అనే నలుగురు మామూలు లెక్కల యంత్రాలతో కూర్చొని, ఏ ముక్కలకు ఎట్లా ఆడితే నష్టం అన్నిటికంటే తక్కువో పట్టిక కట్టి అక్కడి గణాంకశాస్త్ర పత్రికలో ప్రచురించారు. అటువంటి పట్టిక ప్రకారం ఆడేవాడు కూడా 100 ఆటల్లో సుమారు 43 గెలుస్తాడు, 49 ఓడతాడు, మిగతావి సమానం. ఓటములే ఎక్కువైనా, బ్లాక్‌జాక్‌కు ఒకటిన్నర రెట్లు రావడం వల్ల, మంచి ముక్కలు పడినప్పుడు పందెం రెట్టింపు చేసుకునే వీలుండడం వల్ల ఆ తేడా చాలావరకు పూడిపోతుంది. చివరకు మంచి నిబంధనలున్న బల్ల దగ్గర కాసినోకు మిగిలేది నూటికి అర్ధ రూపాయి.

అర్ధ రూపాయే గదా అనిపిస్తుంది. గంటకు 70 ఆటలు, ఆటకు 500 చొప్పున కాస్తే చేతులు మారేది 35,000. అందులో అర్ధ శాతం 175. పట్టిక చూడకుండా మనసుకు తోచినట్టు ఆడేవాడు నూటికి రెండు రూపాయలు వదులుకోవడం మామూలే. అప్పుడు గంటకు 700. బల్ల ముందు ఏడుగురు కూర్చుంటారు, కాసినో రాత్రంతా తెరిచే వుంటుంది. ఇక కొంతకాలంగా లాస్ వేగస్‌లో చాలా బల్లల మీద బ్లాక్‌జాక్‌కు ఒకటిన్నర బదులు అయిదుకు ఆరు చొప్పున ఇస్తున్నారు. అంటే 500 పందానికి 750 రావలసిన చోట 600 వస్తుంది. సుమారు 21 ఆటలకొకసారి పడే ముక్కలవి. ఈ ఒక్క మార్పుతో కాసినో మొగ్గు దాదాపు నాలుగింతలైంది. కూర్చున్నవాళ్ళలో చాలామంది గమనించనే లేదు!

ఇప్పుడు పందెం పెంచే పద్ధతి సంగతి చూద్దాము. దీని పేరు మార్టింగేల్. 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో బాగా వ్యాప్తిలో వున్న పాత పద్ధతి. ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చెయ్యి, ఎప్పుడో ఒకప్పుడు గెలవక తప్పదు, గెలిస్తే పాత నష్టాలన్నీ తీరి మొదటి పందెమంత లాభం మిగులుతుంది అంటారు. వినడానికి ఎంత బాగుందో చూడండి. ఇందులో మాటలన్నీ నిజమే, ఒక్కటి తప్ప. నీ జేబుకు అడుగు లేదని, బల్లకు హద్దు లేదని అది అనుకుంటున్నది.

ఒక బల్ల మీద కనీస పందెం 10 డాలర్లు, గరిష్ఠం 500 అనుకోండి. 10, 20, 40, 80, 160, 320. ఆరు ఓటములకు 630 పోయాయి. ఏడో పందెం 640 కావాలి, బల్ల ఒప్పుకోదు. పద్ధతి అక్కడితో సరి. కాసినో మొగ్గు అసలే లేని ఆట, నాణెం ఎగరేసే ఆట అనుకుందాము. నాణెం వరసగా ఆరుసార్లు ఎదురు పడడం సగటున 64 ప్రయత్నాలకొకసారి జరుగుతుంది. మిగతా 63 ప్రయత్నాల్లో పదేసి డాలర్ల లాభం, అంటే 630. ఆ ఒక్క ప్రయత్నంలో నష్టం 630. రెండూ సరిగ్గా కొట్టివేసుకున్నాయి! ఇంత శ్రమా పడి మనం సున్న దగ్గర నిలబడ్డాము, అదీ ధర్మమైన ఆటలో. బ్లాక్‌జాక్‌లో ఓటములు సగం కంటే ఎక్కువ గనుక, సమానమైనవి తీసేస్తే ఆరు వరస ఓటములు సుమారు 42 ప్రయత్నాలకొకసారి ఎదురవుతాయి. గంటన్నర, రెండు గంటలు కూర్చున్నవాడికి ఒకసారి తగలడంలో వింత లేదు. పైగా 320 కాసిన చోట 11 పడిందనుకోండి, పట్టిక ప్రకారం పందెం రెట్టింపు చేయాలి, మరో 320 కావాలి. అది లేక ఊరుకుంటే ఆ కాస్త మేలు కూడా పోయినట్టే.

మన అబ్బాయి అన్నట్టు ఇంకొక మెట్టుకు డబ్బుంటే? మెట్టు పెరిగినకొద్దీ పతనం అరుదవుతుంది, అంత లోతూ అవుతుంది. రెండూ ఒకే త్రాసులో చెరో పక్కా పెరుగుతాయి. ముల్లు కదలదు.

ఇతర పద్ధతులూ వున్నాయి. ఓడితే ఒక మెట్టు పెంచి గెలిస్తే ఒక మెట్టు దించేది ఒకటి. దానికి దలాంబేర్ అనే ఫ్రెంచి గణితవేత్త పేరు పెట్టారు. పెద్ద పండితుడే, కాని నాణెం ఒకవైపే పడుతూ వుంటే రెండోవైపు పడే అవకాశం పెరుగుతుందని పొరబడినవాడు. కాగితం మీద అంకెలు రాసి కొట్టేసుకుంటూ పోయేది లబూషేర్. గెలిచినప్పుడు రెట్టింపు చేసేది పారోలి. ఒక్కొక్కదాని గుట్టు విప్పుతూ కూర్చోనక్కరలేదు, అన్నిటికీ ఒకటే జవాబు. ప్రతి పందెంలోనూ సగటు నష్టం ఆ పందెంలో ఇంత శాతమని నిర్ణయమై వుంది. ముందు చిన్నది కాసి తరువాత పెద్దది కాసినా, ముందు పెద్దది కాసి తరువాత చిన్నది కాసినా, మొత్తం కాసిన డబ్బులో అంత శాతం పోవలసిందే. కిలోకు యాభై గ్రాములు తక్కువ తూచే కొట్టుకు పోయి, ఇవాళ ఒక కిలో రేపు నాలుగు కిలోలు అని వరస మార్చి కొంటే తూకం సరి అవుతుందా?

మరి ఇంతమంది ఎందుకు నమ్ముతున్నారు? పద్ధతి నష్టాన్ని తగ్గించదు గాని దాని రూపం మారుస్తుంది. చిన్న చిన్న గెలుపులు చాలా ఇస్తుంది, పెద్ద ఓటమిని ఎక్కడో దూరాన దాస్తుంది. 63 సార్లు గెలిచినవాడు హోటల్లో టీ తాగుతూ పదిమందికి చెబుతాడు. 64వ సారి పోయినవాడు పెళ్ళాంతో కూడా చెప్పడు. లోకంలో వినబడే సాక్ష్యమంతా ఒకవైపుదే. "ఇన్నిసార్లు ఓడాను, ఇక గెలవాలి" అనే ఆలోచన దీనికి తోడు. 1913 ఆగస్టులో మాంటీకార్లోలో రులెట్ చక్రం మీద వరసగా 26 సార్లు నలుపే పడింది. ఇక ఎరుపే, ఇక ఎరుపే అని ఎరుపు మీద కాసుకుంటూ పోయి జనం కుప్పలుగా పోగొట్టుకున్నారు. చక్రానికి జ్ఞాపకం లేదు, దాని చుట్టూ వున్నవాళ్ళకే వుంది.

ఇంతవరకు విని వెనక వరసలోని తమ్ముళ్ళు ఒక ప్రశ్న అడుగుతారు, అడగాలి కూడా. "మరి థార్ప్ సంగతో?"

నిజమే, ఎడ్వర్డ్ థార్ప్ గెలిచాడు. దాచవలసిన పని లేదు. ఆయన అమెరికాలో ఎం.ఐ.టి.లో గణితం చెప్పేవాడు. ఐ.బి.ఎం. 704 కంప్యూటరుతో లెక్కలు కట్టి, 1961లో శాస్త్ర పత్రికలో వ్యాసం రాసి, ఆ ఏడే పదివేల డాలర్లు సమకూర్చిన ఇద్దరు ధనికులతో కలసి నెవాడా వెళ్ళి పదకొండువేలు గెలుచుకొని వచ్చాడు. 1962లో 'బీట్ ది డీలర్' అన్న పుస్తకం రాశాడు. అయితే ఆయన చేసినదేమిటో జాగ్రత్తగా చూడాలి. ఆయన ఓడినందుకు పందెం పెంచలేదు, కట్టలో మిగిలిన ముక్కలు చూసి పెంచాడు. పంచిన ముక్క మళ్ళీ కట్టలోకి రాదు గదా. చిన్న ముక్కలు ఎక్కువగా పోయి పదులు, ఆసులు మిగిలితే ఆటగాడికి మేలు. బ్లాక్‌జాక్ ఇద్దరికీ సమానంగానే పడుతుంది గాని ఒకటిన్నర రెట్లు ఆటగాడికే వస్తుంది. పైగా 12 నుంచి 16 వరకు వచ్చినప్పుడు ఆటగాడు ఆగవచ్చు, డీలరు ఆగకూడదు, పదులు నిండిన కట్టలోనుంచి తీసి 21 దాటిపోతాడు. తరువాత వచ్చిన సులభ పద్ధతిలో 2 నుంచి 6 వరకు ముక్క పోతే ఒకటి కలుపుతారు, పదో ఆసో పోతే ఒకటి తీసేస్తారు, 7, 8, 9కి ఏమీ లేదు. మొత్తం బాగా పెరిగినప్పుడు పెద్ద పందెం, లేనప్పుడు చిన్నది. ఇక్కడ పందెం సమాచారం వెనక నడుస్తున్నది. నోటు పుస్తకం పద్ధతిలో కోపం వెనక నడుస్తున్నది. రెండూ బయటికి పందెం పెంచడంలాగే కనబడతాయి, కాని ఒకదానితో ఒకదానికి చుట్టరికం లేదు.

సరే, అది నేర్చుకుంటాం అంటారా? దానికీ లెక్క వుంది. ఎంత నిపుణుడికైనా చేతికొచ్చే మొగ్గు నూటికి ఒకటి దరిదాపు. 100 ఆటలాడితే సగటు లాభం ఒక్క పందెం. అదే 100 ఆటల్లో అదృష్టం చేసే ఊగిసలాట అటో ఇటో 11 పందాలు. వేలకొద్దీ ఆటలాడితే గాని ఆ ఒక్కటి ఈ పదకొండులోంచి తల ఎత్తదు. ఆలోగా తట్టుకోవడానికి మూలధనం కావాలి; థార్ప్‌కు వేరేవాళ్ళు పెట్టారు. కాసినోలూ ఊరుకోలేదు. 1964 ఏప్రిల్‌లో లాస్ వేగస్‌వారు నిబంధనలు బిగించారు. జనం బల్లలు వదిలి పోతుంటే కొన్ని వారాలకే సడలించి వేరే దారి పట్టారు. ఒక కట్ట బదులు ఆరు, ఎనిమిది కట్టలు కలపడం, సగం దూరంలోనే ఆపి మళ్ళీ కలపడం, ఆగకుండా కలిపే యంత్రాలు పెట్టడం, లెక్కపెడుతున్నాడని అనుమానం వచ్చినవాణ్ణి మర్యాదగా బయటికి పంపడం. న్యూజెర్సీలో మాత్రం కెన్ యూస్టన్ వేసిన దావాలో 1982లో అక్కడి సుప్రీంకోర్టు, నేర్పున్నవాడన్న కారణంతో కాసినో ఎవరినీ తోసెయ్యరాదన్నది. అప్పుడు వాళ్ళు మనిషిని వదిలి ముక్కలను ఇంకా ఎక్కువగా కలపసాగారు.

తమాషా ఏమిటంటే థార్ప్ పుస్తకం కాసినోలను ముంచలేదు, ఆ బల్లలకు జనాన్ని తెచ్చిపెట్టింది. ఈ ఆట ఓడించదగినదన్న పేరొచ్చింది. ఓడించగల ఓపిక వున్నది నూటికి ఒక్కడికో లేదో. మిగతావాళ్ళు ఆ పేరు చూసి వచ్చారు. థార్ప్ మాత్రం కొన్నాళ్ళకే ఆ బల్లలు వదిలి షేర్ మార్కెట్టుకు పోయాడు. పద్ధతి కనిపెట్టినవాడే అక్కడ కూర్చోలేదంటే మీరే ఆలోచించండి.

ఇక ఫోను ఆటలంటారా, వాటిల్లో చాలావాటిలో మర మనిషి ఒక్కొక్క ఆటకూ కట్ట మొత్తం కొత్తగా కలుపుతాడు. థార్ప్ పద్ధతికి అక్కడ పట్టుకొమ్మే లేదు.

"రమ్మీ నేర్పు ఆట అని కోర్టే అన్నది గదా" అనే మాట కూడా వింటున్నాము. అన్నది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అన్నది, మూడు ముక్కలాటను ఉత్త అదృష్టం అన్నది. ఆ తీర్పు రమ్మీ సంగతి. ఆ తరువాత 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ డబ్బు కాసే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టమైతే నేర్పు, అదృష్టం అన్న తేడానే చూడలేదు. గోవాలో, సిక్కింలో కాసినోలకు అనుమతి వుంది. కాని 2023 అక్టోబరు నుంచి కాసినోలో కొనే చిప్పుల పూర్తి విలువ మీద 28 శాతం, 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం జీఎస్టీ పడుతున్నది. అర్ధ శాతం కోసం, ఒక శాతం కోసం ఇంతసేపు తూకాలు వేశామే, వాటి పక్కన ఈ 40 పెట్టి చూడండి. మాండవి నది మీద ఓడ ఎక్కకముందే లెక్క ముగిసిపోయింది!

ఇందాకటి పెద్దాయన మాటకు వస్తాము. ధార్మిక తీర్పు చెప్పడం ఆలిముల పని, మా పని కాదు. కాని ఒక సంగతి మనవి చేయాలి. పవిత్ర ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో మద్యం, జూదం ప్రస్తావన వచ్చిన చోట, వాటిలో జనానికి కొంత లాభం లేదని అనలేదు. వుందని ఒప్పుకొని, పాపం ఆ లాభాన్ని మించినదని చెప్పింది. నిషేధం అల్ మాయిదా సూరాలో వచ్చింది. కాబట్టి థార్ప్ గెలిచాడని ఒప్పుకుంటే మన విశ్వాసానికి వచ్చే లోటు ఏమీ లేదు. "గెలిచే పద్ధతి వుంది గనుక ఇది జూదం కాదు" అన్న తర్కమే నిలవదు. గెలిచినా ఓడినా, సరుకు లేదు, చాకిరీ లేదు, ఎదుటివాడి జేబులోంచి పోయినదే ఈ జేబులోకి వచ్చింది. ఈ మాట మీద భిన్నాభిప్రాయం వున్నవాళ్ళు తరువాత ఇమామ్ సాహెబ్‌తో కూర్చొని మాట్లాడుకోవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడి పుస్తకంలో రెట్టింపు అవుతూ పోయే అంకెలు కనబడితే కొట్టకండి, తిట్టకండి. పక్కన కూర్చొని 64 ప్రయత్నాల లెక్క వాడిచేతే వేయించండి. అప్పుల్లో దిగినవాళ్ళు సంఘం కార్యదర్శి దగ్గరకు రావచ్చు. అసలు కారణం చెప్పినంత మాత్రాన దరఖాస్తు కొట్టివేయరు, పేరు బయటికి రాదు. కార్యవర్గంవారు ఆ హామీ ఇచ్చాకే మేము ఈ వేదిక ఎక్కాము.

మేము చెప్పినది నమ్మమని అడగడం లేదు. అక్కడ బల్ల మీద ఒక రూపాయి నాణెం, కొన్ని కాగితాలు, పెన్సిళ్ళు పెట్టించాము. భోజనాలు కావడానికి ఇంకా అరగంట వున్నదట. ఇద్దరిద్దరు కూర్చొని ఒకరు నాణెం ఎగరేయండి, ఒకరు పది, ఇరవై, నలభై అని రాసుకుంటూ పోండి. ఆరు మెట్లు దాటితే ఆపి మొదలుపెట్టండి. అందరి కాగితాలూ ఒకచోట కూడి చూద్దాము.